ఫ్లాపీలు ఖాళీ అయిన రోజులు

మొన్న మా మనవరాలు తాను టైపు చేసుకున్నదంతా పోయిందని కంప్యూటర్ ముందు లబోదిబోమంది. నేను మంచినీళ్లు తెచ్చేలోగా అంతా దొరికిందని నవ్వేసింది. తెచ్చిన నీళ్లు నేనే తాగేశాను. ఇలాంటి గొడవలోనే ఒకప్పుడు మా అమ్మాయి ఉద్యోగం పోయేంత పని జరిగింది మరి.

ఎనభైల సంగతి. మావారు పనిచేసే మిల్లు మూతపడ్డాక, బహదూర్‌పురాలో దుకాణాల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చే ఒక చిన్న ఆఫీసులో నేను ఊడ్చే పనికి కుదిరాను. టైపు నేర్చిన మా అమ్మాయికి తర్వాత అక్కడే కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికింది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. తలుపులు బిగించిన ఆ చల్లటి గదిలో, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పుట్టుకొస్తుంటే, పుట్టిస్తున్నది నా బిడ్డే కదా అని చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని.

చేసిన పనంతా దాచుకునే పలుచటి ఫ్లాపీలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఒక శుక్రవారం పొద్దున వాటిలో ఒకటి పెడితే, అందులో ఏమీ లేదని చూపించింది. ఆ పై వారం ఇంకొకటి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా యజమాని కరెంటును అనుమానించాడు, వైర్లు మార్చాడు, కొత్త ఫ్లాపీలు తెచ్చాడు, చివరికి నా వైపు తిరిగి, "ఏమ్మా, తుడిచేటప్పుడు ఏదైనా నొక్కావా?" అన్నాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే అమ్మాయిని పెట్టుకుంటానని కూడా అన్నాడు. ఆయన మాట ఓర్చుకున్నాను గానీ, ఇంటికి వెళ్లే దారిలో పురానాపూల్ వంతెన మీద మా అమ్మాయి ఆగింది.

"అమ్మా, నిజం చెప్పు. ఏమన్న ముట్టినవా?"

"నేనెందుకు ముడ్త బిడ్డా?"

"మరి ఎట్ల పోతయి? ఫైళ్లకేమన్న కాళ్లొచ్చినయా?"

ఆ రోజు నుంచి ఆమె ముందు నడిచేది, నేను వెనక.

ప్రతి గురువారం సాయంత్రం ఊదు వేసే సాయిబు నిప్పుల గిన్నెలో సాంబ్రాణి చల్లి, దుకాణం దుకాణానికీ పొగ చూపించేవాడు. మా ఆఫీసులోకీ వచ్చేవాడు. ఈసారి సంగతి విని ఆయన గదంతా కలయజూసి, "నజర్ లగీ హై సాబ్" అన్నాడు. నిజమే, దిష్టే అనుకున్నాం అందరం. యజమాని ఆయన్ని కంప్యూటర్ దగ్గరే నిలబెట్టి "ఇంకాస్త వెయ్యి భాయ్" అంటూ గది నిండా పొగ వేయించాడు. మర్నాడు ఏకంగా రెండు ఫ్లాపీలు ఖాళీ.

యజమాని ఆఖరి ప్రయత్నంగా సికింద్రాబాద్ నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. అతను ఫ్లాపీ దూర్చే పెట్టె విప్పి, దూదితో లోపల తుడిస్తే, దూది బొగ్గులా నల్లబడింది.

"ఈడ సిగరెట్లు ఎవరు తాగుతరు సార్?"

"ఇక్కడ ఎవరికీ ఆ అలవాటు లేదయ్యా."

అతను దూది వాసన చూసి పకపకా నవ్వాడు. "ఇది సిగరెట్ గాదు, ఊదు! మెషిన్‌ను దర్గాల గిట్ల పెట్టిన్రా ఏంది?"

దిష్టి తీయబోయి, ఆ పొగ మసితోనే ఫ్లాపీలన్నీ మేమే పాడు చేసుకున్నామన్నమాట. అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. పోయినదంతా మళ్లీ టైపు చేసి ఉద్యోగం నిలుపుకుంది. సాయిబు ఆ తర్వాత గడప దగ్గరే పొగ చూపించి వెళ్లిపోయేవాడు.

అంచులకు చిల్లులుండే ఆ కంప్యూటర్ కాగితాలు ఇంటికి తెచ్చి, వాటి వెనక మా అమ్మాయి నా చేత అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది ఆ వారమే. వంతెన మీది మాట మాత్రం తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడా గల్లీలో ఊదు వాసన లేదు, ఆ ఆఫీసూ లేదు. ఎవరి కంప్యూటర్ వారిది, ఎవరి గది వారిది. ఏది పోయినా పక్కవాళ్లకు తెలియదు. మా అమ్మాయి కూడా రిటైరైంది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా "ఎవరు తీశారు" అని ఈనాటికీ ఎవరినీ అడగదు, తానే వెతుక్కుంటుంది. అలా అలమరలు తెరిచి మూస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నప్పుడు, ఒక్కసారి నన్ను అడిగితే బాగుండుననిపిస్తుంది.