సూది గడ్డలోకి దిగలేదు

సుగుణమ్మ టీచరుగారి పొట్టలోని గడ్డలోకి నా సూది దిగలేదు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉండాలి. చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటనే మోస్తూ తిరిగాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీ దగ్గర దించుకుంటున్నాను.

ఏలూరులో పేథాలజిస్టుని నేను. గడ్డలోంచి తీసిన కణాలను గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి, క్యాన్సరో కాదో చెప్పడం నా పని. ఇది జరిగింది కొల్లేట్లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసిన ఏడాది. జీర్ణాశయం వెనక దాగి ఉండే క్లోమంలో గడ్డ కనిపిస్తే, స్కానింగులో చూసుకుంటూ సన్నసూదితో కాసిని కణాలు లాగితే చాలని నా వాదన. లావుసూదితో ముక్క తీస్తే రక్తస్రావం భయం. గొంతులోంచి గొట్టం దింపి లోపలినుంచి గుచ్చే పద్ధతికైతే హైదరాబాదు పోవాలి. మూడింటినీ పోల్చి, సన్నసూదే మేలని మా డాక్టర్ల సమావేశంలో బల్లగుద్ది చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. స్కానింగు డాక్టరొకాయన మాత్రం నవ్వాడు. "క్లోమం గడ్డ రాయిలా ఉంటుందండీ. మీ సన్నసూదికి ఏం రాలుద్ది?" అన్నాడు. చప్పట్లన్నీ మరిచిపోయాను. ఆ నవ్వు మరిచిపోలేదు.

ఆ తరువాత వచ్చారు సుగుణమ్మగారు. గుండుగొలను దగ్గర బడిలో టీచరు. భర్త రత్నంగారు వరి రైతు. రెండుసార్లు గుచ్చాను. పలకల మీద రక్తం, కొన్ని మామూలు కణాలు. అవీ సూది వెళ్ళే దారిలో జీర్ణాశయం గోడ నుంచి అంటుకున్నవే. గడ్డది ఒక్క కణం కూడా లేదు. నమూనా చాలలేదు, లావుసూదితో మళ్ళీ తీయాలి అని రాయాలి. 'క్యాన్సర్ కణాలు కనిపించలేదు' అని రాశాను. అబద్ధమా? కాదు. మరి నిజమా? నవ్వినవాడికి దొరికిపోకూడదని రాసిన వాక్యాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఆదివారం వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక. గండం గడిచిన ఇంట చర్చి సంఘమంతా చేరి, పాటలు పాడి, ఆ మనిషి నోట సాక్ష్యం విని, భోంచేసి వెళ్ళడం అక్కడ ఆనవాయితీ. నన్నూ పిలిచారు. ఎందుకు వెళ్ళాను? వెళ్ళకపోతే అనుమానం వస్తుందనా, లేక అంతమంది నమ్ముతుంటే చూసి నా రిపోర్టును నేను కూడా నమ్మాలనా? సుగుణమ్మగారు లేచి నా రిపోర్టు సంగతి చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నా భుజాల మీద శాలువా కప్పారు.

భోజనాల దగ్గర ఆవిడే కొరమేను పులుసు వడ్డించారు.

"మొహమాటపడకండి డాక్టరుగారూ. మా ఆయనకి చేపముల్లు గుచ్చుకుంటేనే వీధంతా లేస్తాదండి. మీ సూదికి నేను కిక్కురుమన్నానా?"

"లేదండి."

"కానీ నొప్పి ఇంకా తగ్గలేదండి. ఓసారి హైదరాబాదు వెళ్ళమంటారా?"

వెనకనుంచి రత్నంగారు అందుకున్నారు. "మంచి రిపోర్టొచ్చాక హైదరాబాదేంటి సుగుణా? కోతలవ్వనీ, చార్మినార్ చూపిస్తాలే."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా వైపే చూస్తున్నారు.

"కంగారేం లేదండి. కోతలయ్యాక చూద్దాం" అన్నాను. తలవంచుకుని అన్నం కలుపుకున్నాను.

కోతలయ్యేసరికి ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి. హైదరాబాదులో లోపలినుంచి గుచ్చిన సూదికి క్యాన్సర్ కణాలు చిక్కాయి. అప్పటికే కాలేయానికి పాకిపోయింది. ముందే తెలిస్తే బతికేవారా? తెలియదు. ఆ జబ్బు అలాంటిది. చాలాకాలం ఆ 'తెలియదు' చాటునే దాక్కున్నాను. కానీ నేను కాజేసిన ఆ నెలలు ఆవిడవి. ఆ సంగతి మాత్రం తెలుసు.

సమాధి దగ్గర రత్నంగారు నా చేతులు పట్టుకున్నారు. "ఆపింది నేనేనండి, కోతలని చెప్పి" అంటూ ఏడ్చారు. ఆయన్ని ఓదార్చాను. అవును, నేనే ఓదార్చాను. సూది సంగతి మాత్రం ఎత్తలేదు. మొదటి తప్పుకు భయం కారణమనుకుందాం. దీనికి ఏ పేరు పెట్టుకోను?

ఇప్పుడు నమూనా చాలకపోతే చాలలేదనే రాస్తున్నాను. అదేమీ గొప్ప కాదు.

మొన్న తాడేపల్లిగూడెం వెళ్ళాను. రత్నంగారు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. నన్ను చూసి సంతోషపడి, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సూది, పలకలు, ఆ వాక్యం, నవ్విన డాక్టరు, ఏదీ దాచలేదు.

"ఆ రోజు మా ఇంట్లో భోంచేసేటప్పటికే మీకు తెలుసాండి?"

"తెలుసండి."

కూతురు కాఫీ తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆమెను గుమ్మం దగ్గరే ఆపేశారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడని ఆపింది మీరు కాదండి, నేను. తప్పు నాది. క్షమించండి" అన్నాను.