కాలు లేని పిట్ట

తిరుపతిలో మేం చదివే చోట శిలాజాల ప్రదర్శన పెడుతున్నారు, తలా ఒక బొమ్మ తెమ్మన్నారు. నేను క్రెటేషియస్ కాలపు పిట్టను ఎంచుకున్నాను. రాక్షసబల్లులు తిరిగిన రోజుల్లో ఎగిరిన పిట్ట అది. చైనాలో ఒక రాతిపలకలో దొరికింది. దవడలో పళ్లు, రెక్కలకు గోళ్లు, ఈకల అచ్చుతో సహా అన్నీ ఉన్నాయి. పలక ఒక మూల విరిగిపోవడంతో ఎడమకాలు మాత్రం లేదు.

నాకూ ఎడమకాలు మోకాలి కింద లేదు. చిన్నప్పుడు రేణిగుంట దగ్గర లారీ తొక్కేసింది. అందుకే ఆ పిట్టను ఎంచుకున్నావా అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. నిజమే కనుక.

మా నాయన శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాడు. ఆ రాతిపలక ఫోటో చూపించి గీసిమ్మంటే కళ్లజోడు పైకి తోసి నవ్వాడు.

“పిట్టకు పండ్లేంది పాపా? మీ మేనత్త నోట్లో కూడా ఇన్ని లేవు.”

“రాతిలో ఉండేదే గీయి నాయనా. లేనిది ఒక్క గీత కూడా వద్దు. మా సార్ ఒప్పుకోరు.”

కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద, చింతబొగ్గుతో అచ్చం ఫోటోలాగే గీశాడు. నాకు ధైర్యం వచ్చి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వెదురు కలంతో నల్లరంగు కూడా వేసేశాడు. పిట్టకు రెండు కాళ్లు.

బొగ్గయితే దులిపేయొచ్చు. బెల్లంలో తుప్పు ఇనుము ఊరబెట్టి చేసిన ఆ నలుపు గుడ్డకు పట్టిందంటే స్వర్ణముఖిలో ఎంత ఉతికినా పోదు. ప్రదర్శన ఎల్లుండే.

“ఆ కాలు యాడిది నాయనా?”

“అంగహీనమైన బొమ్మ గీయకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు. మా నాయన నాకు నేర్పించినాడు” అన్నాడు కలం కడుగుతూ.

“మరి నన్నెట్ల పెట్టుకున్నావు?”

నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. ఆయన గుడ్డ మడతపెట్టి, అన్నం తినకుండానే పడుకున్నాడు. నాకు బాధేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పొద్దున లేచేసరికి ఇంకో గుడ్డ దండెం మీద ఆరుతోంది, ఇల్లంతా పాల వాసన. ఈసారి నేను పక్కనే కూర్చున్నాను. పళ్లు, గోళ్లు, ఈకలు, కుడికాలు వరసగా వచ్చాయి. ఎడమకాలి దగ్గర కలం ఆగింది. కాస్త ఖాళీ కనిపిస్తే తీగో పువ్వో వేయకుండా ఉండలేని మనిషి. కలం ఎత్తి గిన్నెలో పెట్టేశాడు.

గుడ్డను నా ముందుకు జరిపి, “ఉండేదంతా గీసినా పాపా, సూడు. ఈ పిట్టకేం తక్కువ లేదు” అన్నాడు.