నర్సుని ఆయా అన్న బడి

మంగళవారం పొద్దున్నే మా బడి వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది: "మన పాఠశాల ఆయా స్వర్గస్థులయ్యారు." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆవిడ ఏలూరులో నర్సింగు చదివి వచ్చిన మనిషి. ఆ సంగతి కరస్పాండెంటు గారికి తెలియక కాదు. ఆయా అని పిలిస్తే బాత్రూములు కూడా కడిగించవచ్చు కదా.

నేను అక్కడ తెలుగు టీచర్ని. కలిదిండి పక్కన ఆ బడి రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో ఆవిడకొక గది, ఒక మంచం ఉండేవి. చెరువు గట్ల మీంచి చెప్పుల్లేకుండా వచ్చే పిల్లల కాళ్లకి కట్లు కట్టేవారు. పెద్దమనిషై బిక్కచచ్చిపోయిన ఆడపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "భయపడకండమ్మా, ఇది జబ్బు కాదండీ" అనేవారు. మా అమ్మాయికీ ఆ మాట ఆవిడే చెప్పారు. ఆ రుణం నాకు తీరేది కాదు.

రొయ్యల చెరువులు పెరిగాయి, ఊరు పెరిగింది, బడి మూడంతస్తులైంది. మంచం తీసేసి ఆ గదిలో అమ్మకానికి యూనిఫాంలు, బెల్టులు నింపారు. ఆవిడని మెట్ల కింద స్టూలు మీద కూర్చోమన్నారు. 'మెడికల్ రూమ్' బోర్డు మాత్రం తీయలేదు. అడ్మిషన్లప్పుడు చూపించుకోవాలిగా.

ఒకసారి కరస్పాండెంటు గారు కొత్త తల్లిదండ్రులకి ఆ బోర్డు చూపిస్తూ గొప్పలు పోతున్నారు. జ్వరంతో తూలుతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని నర్సమ్మగారు వచ్చారు.

"ఏవండీ, బాబుని ఏ సైజు బెల్టుల మీద పడుకోబెట్టమంటారండీ?"

కోపం పెరిగేకొద్దీ ఆవిడ మర్యాదా పెరిగేది. ఆయన నవ్వేశారు. సిగ్గుపడే అలవాటు ఆయనకి లేదు.

ఒక్క మంచం వేయించమని ఆవిడ చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. "ఆయనకి జ్వరం రావాలని నేను కోరుకోనండీ. వస్తే ఈ బడిలో ఎక్కడ పడుకుంటారో చూడాలనుందంతే" అన్నారు నాతో.

సంతాపసభ గ్రౌండులో, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టారు. సేవామూర్తి అన్నారు, అమ్మ అన్నారు, కరుణామయి అన్నారు. బతికుండగా మంచం ఇవ్వనివాళ్లు బిరుదులకి మాత్రం వెనకాడలేదు. కరస్పాండెంటు గారి ఉపన్యాసం మధ్యలో ఏడో తరగతి పిల్ల ఒకతె వరసలోంచి కూలబడిపోయింది.

"నర్సుని పిలవండి, నర్సుని" అన్నారు కరస్పాండెంటు గారు, మైకులోనే.

ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. ఎవరూ కదల్లేదు.

నేనే పిల్లని ఎత్తుకుని లోపలికి నడిచాను. మూడంతస్తుల మేడలో ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక, ఆ పిల్లని చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.