అమావాస్య ఆదివారం

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మా చెల్లెలి విడాకుల కేసు వనపర్తి కోర్టులో నడిచింది. మాది గట్టు దగ్గరి పల్లె, ఆమె భర్త, మా బావది పెబ్బేరు. కేసు తేలేదాకా వాళ్ల ఐదేళ్ల పాప తల్లి దగ్గరే ఉండాలని, ప్రతి ఆదివారం పది నుంచి నాలుగు దాకా తండ్రి దగ్గరికి పంపాలని జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. పాపను పెబ్బేరు బస్టాండులో అప్పగించి, మళ్లీ తెచ్చుకోవడం నా పని. నేను బడికి పోయింది తక్కువే, చదవడం, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. గద్వాలలో ఏ బస్సు తప్పితే ఏది అందుతుందో, అది కృష్ణా నది దాటి పెబ్బేరు ఎప్పటికి చేరుతుందో నోటితోనే చెప్పేవాణ్ని. ఒక్క ఆదివారమూ ఆలస్యం కాలేదు.

ఒక ఆదివారం అమావాస్య పడింది. పాపకు చెప్పులు తొడుగుతుంటే మా అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"అమాస నాడు పిల్లను కిష్ణ దాటిస్తవా? మతి ఉండే చేస్తున్నవా?"

"పంపకుంటే కోర్టు ఊకోదే అమ్మా."

"కోర్టుకు పిల్లలు లేరా ఏంది? రేపు పంపుదాం తియ్."

చెల్లెలు పాప చెప్పులు విప్పేసింది. బావ ఇంట్లో ఫోన్ లేదు. నేనొక్కణ్నే పోయి చెప్పి వద్దామని బయటికి వచ్చేసరికి బస్సు పోయింది. మళ్లీ మధ్యాహ్నం దాకా లేదు, అది చేరేసరికి నాలుగు దాటుతుందని ఆగిపోయాను.

వాయిదా నాడు బావ తరఫు నాగర్‌కర్నూల్ వకీలు, ఉత్తర్వు మీరారు కాబట్టి పాపను తండ్రికే ఇవ్వాలని పిటిషన్ వేశాడు. పాపకు జ్వరమని చెప్పమన్నాడు మా వకీలు. జడ్జి అడిగినప్పుడు చెల్లెలు అలా చెప్పలేదు.

"జరం లేకుండె సార్. అమాస. మా దిక్కు ఆ దినం పసిపిల్లలను కిష్ణ దాటియ్యరు. తండ్రికి చూపియ్యొద్దని గాదు."

జడ్జి బావ వైపు తిరిగారు.

"నేను గూడ దాటియ్య సార్," అన్నాడు బావ. "కానీ నాకు జెప్పాలె గద! పొద్దుగూకేదాంక బస్టాండ్లనే కూసున్న. బిడ్డను ఏ బస్సుల పోగొట్టుకున్నవని చాయ్ హోటలాయన ఒకటే నవ్వుడు."

జడ్జి పిటిషన్ కొట్టేశారు. పాప రాలేని ఆదివారం ఉంటే ముందే కబురు పంపాలని, ఆ రోజు తండ్రే కృష్ణకు మా వైపున్న గద్వాలకు వచ్చి చూడాలని ఉత్తర్వులో చేర్చారు. చెప్పకుండా ఇంకోసారి ఆపితే పాపను తండ్రికి అప్పగించాల్సి వస్తుందనీ అన్నారు.

బయట చెల్లెలు ఆ కాగితం నాతో చదివించుకుంది. 'తుది తీర్పు వచ్చేదాకా' అన్న మాట దగ్గర ఆపింది.

"అంటే పిల్ల ఇంక నాది అయినట్టు గాదు గద అన్నా?"

వచ్చే ఆదివారం తొలి బస్సుకే పోదామన్నాను.