మూత విప్పి వాసన చూసే మనిషి

ఆళ్లగడ్డలో పెండ్లి ఊరేగింపులకు లైట్లు బాడుగకిచ్చే సాయిబు ఒకాయన ఉండేవాడు. పంపు కొట్టి వెలిగించే ఆ లైట్లను నేనూ నా చెల్లెలూ నెత్తిన మోసేవాళ్లం. ఒక పెండ్లిలో ఆయన తొందరపడి కిరసనాయిలు లైటులో పెట్రోలు పోశాడు. అది చెల్లెలి నెత్తి మీదే పేలింది. తను బతకలేదు.

ఆయన బాడుగలు మానుకొని నంద్యాల పోయాడు. పాత ఇనుప సామాన్ల అంగళ్లు తిరిగి, దొరికిన లైటల్లా కొని గది నింపాడు. నేను ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నానని విని పోయినేడు కబురు పంపాడు. ఏ లైటు ఏ నూనెదో చీటీలు రాసి అంటించాలట. ఆయనకు చదువు రాదు.

ఒక్కొక్క లైటునూ మూత విప్పి, వాసన చూసి గాని నాకు ఇవ్వడు. అన్నీ ఎప్పుడో ఎండిపోయినవే.

"ఖాళీ డబ్బాలో ఏం వాసనుంటాదన్నా?"

"అలవాటైపాయ అమ్మీ. మొదట వచ్చినవి పెట్రోలువి. తర్వాత కిరసనాయిలువి వచ్చినాయి. అది బేగా అంటుకోదు గదా, ముందు స్పిరిటు పోసి వేడి చేసేకి ఈ చిన్న గిన్నె పెట్టినారు. గిన్నె ఉంటే కిరసనాయిలుదే. ఆ పొద్దు నేను గిన్నె చూసుకోకపోతి."

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. రాస్తూ పోయాను.

చివరికి ఆళ్లగడ్డ నుంచి తెచ్చుకున్న, అడుగు చీలిన లైటొకటి నా ముందు పెట్టాడు. దాని మూత మాత్రం విప్పలేదు.

"దీనికేం రాయాలన్నా?"

"నీ ఇష్టం."

గిన్నె ఉంది. కిరసనాయిలు అని రాసి అంటించాను. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏం రాసినావ్ అమ్మీ?"

"ఉన్నదే రాసినా" అన్నాను.