సాదా మేత తొట్లు నావి

మొన్న మా ముదీర్ ముందు, అంటే మేనేజరు ముందు, చేతులు కట్టుకుని నేరం ఒప్పుకున్నానండీ. నేరం ఏంటంటారా? రొయ్యలకి మెంతులు పెట్టడం! నవ్వండి నవ్వండి, టీ మాత్రం ఒలకబోసుకోకండి.

మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువు గట్టు మీదే నడక నేర్చుకున్నాను. ఇప్పుడు దుబాయ్ అవతల ఉమ్ అల్ క్వైన్‌లో ఒక షెడ్డులో నీలకంఠ రొయ్యలు పెంచుతున్నాం. ఎనిమిది తొట్లు. నాలుగు నావి, నాలుగు లక్ష్మణ్‌వి. అతనిది జగిత్యాల. మొన్నమొన్నటిదాకా బిల్డింగుల దగ్గర షట్టరింగ్ పని. రొయ్యకి మీసం ఎటో, తోక ఎటో నేనే చూపించాను!

అలాంటివాడి చేతిలో ముదీర్ కొత్త పొడి బస్తా పెట్టాడు. వెల్లుల్లి, మెంతుల పొడి. మేతకి పట్టించి వేస్తే రొయ్య బాగా ఎదుగుతుందట. నాతో మాత్రం "తుమ్ సిర్ఫ్ సాదా దానా డాలో" అన్నాడు, ఉత్త మేతే వెయ్యమని. సాదా! ఒళ్లు మండిపోయింది. పైగా ఈ పొడి పనిచేస్తే కొత్త షెడ్డు కడతారట, దానికో ఇన్‌చార్జి కావాలట. ఇంకెవరు, పొడి బస్తా ఉన్నవాడే కదా!

లక్ష్మణ్ రోజూ తొట్లోంచి మేత ట్రే పైకి లాగి, "అన్నా, ఒక్క గింజ ఇడువలే, మొత్తం తిన్నయ్!" అని మురిసిపోయేవాడు. "మంచిదే తమ్ముడూ" అనేవాణ్ణి. కళ్లు మాత్రం అతని పొడి బస్తా మీదే ఉండేవి.

ఇక ఆగలేకపోయాను. బఖాలాకి, అదే కిరాణా కొట్టుకెళ్లి మెంతులు, వెల్లుల్లి తెచ్చాను. రూములోనే వేయించి, ఎండబెట్టి, మిక్సీ పట్టి, కోడిగుడ్డు తెల్లసొనతో మేతకి పట్టించి మంచం కింద పేపర్ల మీద ఆరబెట్టాను. రూమంతా ఘుమఘుమ! "ఆవకాయ పెడుతున్నావా?" అన్నారు రూమ్మేట్లు. అవునన్నాను. అప్పట్నుంచి రోజూ జాడీ ఎప్పుడు తెరుస్తావని అడుగుతూనే ఉన్నారు, పాపం. ఆ మేత మాత్రం రోజూ దొంగచాటుగా నా తొట్లలో వేశాను.

మొన్న తూకం వేశారు. అతని రొయ్యలూ నా రొయ్యలూ సమానం! "సాదా మేతతోనే సార్!" అని ఛాతీ విరుచుకున్నాను.

ముదీర్ మొహం వాడిపోయింది. "పొడి వేసినా వేయకపోయినా ఒకటే. పౌడర్ బేకార్. నయా షెడ్ ఖలాస్" అని ఫైలు మూసేశాడు.

అప్పుడు వెలిగిందండీ నాకు! సాదా మేత నన్ను తక్కువ చేసి ఇచ్చింది కాదు. పొడి లేకపోతే ఎంత ఎదుగుతాయో పక్కన పెట్టి చూసుకోడానికి ఉంచిన తొట్లు నావి. వాటినే నేను పాడు చేశాను.

లక్ష్మణ్ పొడి బస్తా మూతి కట్టేశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "పోనియ్ అన్నా, నీ తొట్లన్న మంచిగ పెరిగినయ్" అన్నాడు. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

"సార్... మైనే భీ డాలా. మేథీ, లహసున్." నేనూ వేశానని ఒప్పేసుకున్నాను.

"క్యోం?" ఎందుకన్నాడు ముదీర్.

"జలన్, సార్." అసూయకి హిందీలో ఆ ఒక్క ముక్కే వచ్చు నాకు.

ముదీర్ తల పట్టుకున్నాడు. ట్రయల్ మళ్లీ మొదటికొచ్చింది. షెడ్డు కడితే ఇన్‌చార్జి లక్ష్మణే అని అక్కడే తేల్చేశాడు. నా తొట్లకి మళ్లీ సాదా మేతే. ఒక్క మెచ్చుకోలు మాత్రం దక్కిందిలెండి. మిగిలిన నా మేత తెప్పించి చూశాడు, దానికి పొడి చక్కగా అంటుకుందట. అందుకని ఇవాళ్టి నుంచి లక్ష్మణ్ తొట్లకి పొడి పట్టించి ఇచ్చేది నేనే!