లావెక్కిన ఎలుకలు, సీసం ఇటుక

2004 జూన్‌లో కర్నూలులోని ఒక వైద్య కళాశాలలో, శరీరధర్మశాస్త్ర విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. మా విభాగాధిపతి అప్పటికే ఒక కషాయం కనిపెట్టి ఉన్నారు. అది తాగితే రేడియేషన్ తగిలినా చావరని ఆయన నమ్మకం. రుజువొక్కటే తక్కువైంది. దానికి ఎలుకలున్నాయి, నేనున్నాను.

ఒళ్లంతా తగినంత రేడియేషన్ తగిలితే ఎలుక ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు చచ్చిపోతాయి. కొత్త రక్తం పుట్టదు. రెండు వారాల్లో ఎలుకా పోతుంది. పదింటికి నెల రోజులు కషాయం పోశాం, పదింటికి ఉత్త నీళ్లు. చేదు పోవడానికి కషాయంలో బెల్లం కలిపాం. నీళ్లలోనూ అంతే బెల్లం కలపాలన్నాను. ఎలుకలకు విందు పెడుతున్నామా అన్నారు సార్. తర్వాత అన్నిటినీ గొట్టానికొకటి చొప్పున గొట్టాల పెట్టెలో సర్ది, ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ యంత్రం కింద పెట్టించాం.

నీళ్లు తాగినవి పదీ పోయాయి. కషాయం తాగినవాటిలో ఎనిమిది బతికాయి. సార్ మిఠాయిలు పంచారు. రేడియేషన్ చికిత్సలో రక్తకణాలు పడిపోయిన రోగులకు, చికిత్స ఆపకుండా కషాయం ఇద్దామని దరఖాస్తు రాసి నా సంతకం అడిగారు. కషాయం పనిచేయకపోతే ఆ రోగులు చిన్న జ్వరానికే పోతారు. అది దరఖాస్తులో లేదు.

ఎలుకల్ని సర్దిన అటెండర్ మద్దిలేటిని పిలిచి, ఎట్లా సర్దావో చూపమన్నాను.

"సన్నవి బాగనే పట్టె సార్. బెల్లం తాగినవి శానా లావయినాయి, యాడ పడతాయి? ఎనక కాళ్లు బైటికి ఇడిసి, పైన సీసం ఇటుక వంతెన మాదిరి పెట్టినా, కదలకుండా."

"అన్నిటికీనా?"

"రెండు బక్కవి ఉండె. అవి లోపలికే పోయినాయి."

చచ్చినవి ఆ రెండే.

సీసం రేడియేషన్‌ను ఆపుతుంది. దాని కింద కాళ్ల మజ్జ చెక్కుచెదరలేదు. అందులోని మూలకణాలు ఒళ్లంతా పాకి మళ్లీ రక్తం పుట్టించాయి. కషాయం చేసిందల్లా ఎలుకల్ని లావు చేయడం. ఆ ఘనత కూడా బెల్లానిదే.

సంతకం ఆపి, పెద్ద గొట్టాలు చేయించి, ప్రయోగం మళ్లీ చేశాను. ఈసారి నీళ్లు తాగినవాటి కాళ్ల మీద సీసం పెట్టించాను. అవి బతికాయి. కషాయంవి అన్నీ పోయాయి.

"ఏమప్పా, అటెండర్ మాట మీద ప్రొఫెసర్‌ను కాదంటాండావా?" అన్నారు సార్.

"లేదు సార్, ఎలుకల మాట మీద."

దరఖాస్తు కమిటీదాకా పోలేదు. రోగులకు మామూలు ప్రకారం చికిత్స ఆపి, కణాలు పెరిగాక మళ్లీ మొదలుపెట్టారు. నన్ను కడపకు బదిలీ చేశారు. కారణం 'పరిపాలనా సౌలభ్యం' అని రాశారు, అది నిజమే.

అప్పటినుంచి ఏ పరిశోధనా పత్రం చేతికొచ్చినా, ఫలితాల పట్టిక తెరవకముందే జంతువుల్ని పెట్టెలో ఎవరు సర్దారని అడిగేవాణ్ణి. చాలామంది ప్రొఫెసర్లకు ఆ పేరు తెలిసేది కాదు.